వీరభద్రయ్యగారి పటం

మా వేంకటాచలం అంత పిరికి మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు. ఈ మాట ఆయన ముందే అంటాను, చాటున అనడం నాకు చేతకాదు. పిల్లి ఎదురొస్తే ఆగిపోతాడు. ఇన్‌స్పెక్షన్ అంటే ముందు రోజే జ్వరం తెచ్చుకుంటాడు. ఉరిమితే గంట కొట్టడం మానేసి స్టాఫ్ రూములోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడతాడు. అటువంటి మనిషి అంత పెద్ద తప్పు చేసి, దాన్ని ఇరవై ఏళ్లు కడుపులో దాచుకుని, రోజూ అదే బడికి వచ్చి అదే గంట కొట్టాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మాది మండవల్లి దాటి కొల్లేటి వైపు పోతే వచ్చే ఊరు. బడి పేరు పెనుమాక వీరభద్రయ్య ఉన్నత పాఠశాల. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికుంది? అందరికీ అది వీరభద్రయ్యగారి బడి. ఏడెకరాల మెరక చేను రాసిచ్చి, నాలుగు గదులు కట్టించి, అరవై ఏళ్లు నిండకుండానే పోయిన రైతు ఆయన. పోయాక బడికి పేరు పెట్టారు, హాల్లో స్టేజీ మీద పటం పెట్టారు. ఏటా అక్టోబరులో ఆయన పోయిన తేదీన దానికి దండ వేస్తాం. పబ్లిక్ పరీక్షల ముందు పదో తరగతి పిల్లలు హాల్ టిక్కెట్లు ఆ పటానికి తాకించి దణ్ణం పెట్టుకుంటారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ లెక్కలు చెబుతున్న రాజరాజేశ్వరి టీచర్ని నేను, ఇలాంటివి నమ్మను. అయినా మా అమ్మాయి టిక్కెట్టు కూడా తాకించాను, ఎందుకొచ్చిన గొడవ అని.

వేంకటాచలం మా బడి అటెండరు. వాళ్ల నాన్న కొల్లేటి లంక గ్రామాలన్నీ పడవ మీద తిరిగి పౌరోహిత్యం చేసేవారు. కొడుక్కీ మంత్రాలు నేర్పారు. కానీ నలుగురి ముందు కూర్చుంటే చాలు, ఈయనకి నాలుక పిడచకట్టుకుపోయేది. మొదటి పెళ్లి చేయించడానికి కూర్చుని, కన్యాదానం దగ్గర మంత్రం మరిచిపోయి, చెంబు తెస్తానని లేచి పెరటి దారిన ఇంటికి వచ్చేశాడట. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. దాంతో బడిలో గంట కొట్టే ఉద్యోగంలో చేరాడు. గంటకి మంత్రం అక్కర్లేదు కదా.

రెండువేల అయిదులో కొల్లేరు పొంగి మా బడి మోకాలి లోతు మునిగింది. నీళ్లు ఎక్కుతున్నాయని తెలిసి అప్పటి హెడ్మాస్టరు ఫోను చేసి, "అడ్మిషన్ రిజిస్టర్లు, హాల్లో పటం మేడ మీద పెట్టించవయ్యా" అన్నారు. వేంకటాచలం రిజిస్టర్లన్నీ నెత్తిన పెట్టుకుని ఒక్కడే పైకి చేర్చాడు. పటం దగ్గరికి వచ్చేసరికి స్టేజీ మీద నీటిపాము కనిపించింది. అంతే, మళ్లీ కిందికి దిగలేదు. పటం గోడకే ఉంది కదా, నీళ్లు అంత ఎత్తు రావులే అనుకున్నాడు. నీళ్లు రాలేదు గానీ, గోడ తడిసి మేకు ఊడి, పటం స్టేజీ మీంచి జారి నీళ్లలో పడింది. నాలుగు రోజులకి తీసి చూస్తే అద్దం లోపల కండువా మిగిలింది, మనిషి లేడు. ముఖం ఉన్నచోట బూజు పట్టిన తెల్ల మచ్చ ఒక్కటే ఉంది.

వీరభద్రయ్యగారి వర్ధంతికి ఇంకా తొమ్మిది రోజులుంది. హెడ్మాస్టరు అసలే ముక్కోపి. బురద కడిగించే హడావుడిలో పటం సంగతి ఆయనకి ఇంకా గుర్తురాలేదు. వేంకటాచలం దాన్ని గోనెసంచిలో చుట్టి, బస్సులు తిరగడం మొదలెట్టిన రోజునే ఏలూరు వెళ్లాడు. అక్కడ సుందరరావు అని పాత ఫొటో స్టూడియో ఆయన ఉండేవాడు.

"ఇందులో నేను బాగుచేయడానికి ఏముందండీ? ముఖం ఉంటే కదా ముక్కు దిద్దడానికి," అన్నాడు సుందరరావు.

వేంకటాచలం అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాడట. ఉద్యోగం పోతుందని, ఇద్దరు పిల్లలున్నారని, పామంటే తనకి భయమని, ఏవేవో చెప్పుకున్నాడట. సుందరరావు జాలి గుండె మనిషి. కాసేపు చూసి, లోపలి గదిలోకి వెళ్లి, కాగితంలో చుట్టిన పెద్ద ఫొటో ఒకటి పట్టుకొచ్చాడు. నడివయసు మనిషి. మీసం, భుజాన కండువా, మెడ దాకా బొత్తాములు పెట్టిన చొక్కా.

"ఇది కొల్లేటి లంక ఊరి వాళ్లు ఇచ్చిన ఆర్డరండీ. ఆయన పోయాడట, పెద్దకర్మకి పటం కావాలన్నారు. చిన్న ఫొటో ఇచ్చి వెళ్లారు, పెద్దది చేసి పెట్టాను. ఈలోగా వరదొచ్చింది. దినం కూడా దాటిపోయింది, ఇంక ఏం వస్తారు? ఊరి పేరూ రాసుకోలేదు నేను. పట్టుకెళ్లండి, ఎవరికి తెలుస్తుందండీ?"

ఎవరికీ తెలియలేదు. అదే వేంకటాచలం ప్రాణానికి వచ్చింది. ఎవరైనా ఆ రోజే గుర్తుపట్టి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే అంతటితో పోయేది. వర్ధంతి రోజున హెడ్మాస్టరు పటం వంక చూసి, "ఏం చేయించావయ్యా, కళ వచ్చింది!" అన్నారు. అసలు పాత పటాన్ని ఎవరు చూశారు గనక? నలభై ఏళ్ల దుమ్ము, ఎండిన దండలు, అద్దం మీద బల్లులు. మేమంతా దణ్ణం పెట్టింది పేరుకే. నేనే ఒక మాట అన్నాను. నాకు గుర్తు లేదు, వేంకటాచలం చెబితే తెలిసింది.

"ఈయన ఇదివరకు మనకేసి చూసేవాడు కాదు కదండీ," అన్నానట.

ఆ మాటకి వేంకటాచలం పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు నుంచీ నేను హాల్లోకి వస్తే ఆయన బయటికి పోయేవాడు. ఈయనగారికి నేనంటే ఇంత గిట్టదా అని నాకు చాలాకాలం ఒళ్లు మండింది కూడా.

మొదట్లో ఆయన భయం ఉద్యోగం గురించే. జూన్‌లో అడ్మిషన్లకి కొల్లేటి లంకల నుంచి తల్లిదండ్రులు వస్తారు. హాల్లోనే కూర్చోబెట్టాలి. వాళ్లలో ఎవరో ఒకరు తలెత్తి, "మా నాన్న ఇక్కడున్నాడేంటి?" అంటే? అందుకని జూన్ నెలంతా హాల్లో లైట్లు వెలిగేవి కావు. అడిగితే, "ఫ్యూజు పోయిందండీ, లైన్‌మాన్‌కి చెప్పానండీ" అనేవాడు. ఏటా జూన్‌లోనే ఫ్యూజు ఎందుకు పోతుందో లెక్కల టీచర్నయి ఉండి నేనూ ఆలోచించలేదు. తాడేపల్లిగూడెంలో క్లర్కు పోస్టు వస్తే వద్దని రాసిచ్చాడు. జీతం ఎక్కువ, పిల్లలకి కాలేజీ దగ్గర. "ఎందుకు పోవట్లేదయ్యా, మతి ఉందా?" అని కేకలేశాను. నవ్వి ఊరుకున్నాడు. తను లేకపోతే పటం దించేదెవరు, దులిపేదెవరు, ఎవరైనా పరీక్షగా చూస్తుంటే అడ్డం నిలబడేదెవరు? వాళ్లావిడ ఆ పోస్టు సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

తర్వాత్తర్వాత భయం ఇంకో దారి పట్టింది. ఆ పోయినాయన భయం పట్టుకుంది. పౌరోహిత్యం ఇంట పుట్టినవాడికి ఉండే భయం అది, నాబోటి దానికి తట్టదు. ఒకడి పెద్దకర్మకి పెట్టుకోవలసిన పటం తెచ్చి ఇంకొకడి పేరు కింద తగిలించాడు. ఏటా దండ వేస్తున్నారు, కొబ్బరికాయ కొడుతున్నారు, అదంతా వీరభద్రయ్యగారి పేరున. మరి ఆ మనిషికి ఏం ముడుతోంది? మహాలయ అమావాస్యకి వేంకటాచలం తన తండ్రికీ తాతకీ తర్పణాలు విడిచి, చివర ఆ పటంలో ఆయనకి కూడా నువ్వులూ నీళ్లూ విడిచేవాడు. అయితే తర్పణానికి పేరు కావాలి, గోత్రం కావాలి. రెండూ లేవు. దిక్కులేని వాళ్లందరికీ కలిపి విడిచే నీళ్లలో ఆయన్నీ కలిపేసేవాడు. ఆ నీళ్లు ఆయనకి చేరుతున్నాయో లేదో తెలియదు. సాయంత్రం హాలు తాళం వేయడానికి వెళ్తే, తలుపు దగ్గరికి చేయి చాచి, లోపలికి చూడకుండా తాళం వేసి వచ్చేసేవాడు.

ఇలా ఇరవై ఏళ్లు గడిచాయి. నిరుడు బడికి డెబ్బై అయిదేళ్ల పండగ చేయాలని కమిటీ తీర్మానించింది. ఆవరణలో వీరభద్రయ్యగారి కంచు విగ్రహం పెడదామన్నారు మా కరస్పాండెంటు ఈశ్వరప్రసాద్‌గారు. మీటింగులో కాఫీలు ఇస్తున్న వేంకటాచలం ట్రే కింద పెట్టేశాడు.

"విగ్రహం ఎందుకండీ... ఆడపిల్లలకి బాత్రూములు కట్టిద్దామండీ, పుణ్యముంటుంది," అన్నాడు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఆయన మీటింగులో నోరు విప్పడం అదే మొదలు. అందరూ నవ్వారు. నిజానికి బాత్రూములే కావాలి మాకు, అది వేరే సంగతి.

పటం దించి, ఫొటో తీయించి, శిల్పికి పంపే పని కూడా ఆయన నెత్తినే పడింది. నెల్లాళ్లకి మట్టి నమూనా ఫొటో ఫోన్లో వచ్చింది. "కళ్లల్లో ఆ దాతృత్వం చూశారా!" అని ఈశ్వరప్రసాద్‌గారు మురిసిపోయారు. వేంకటాచలం మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. జనవరి ఆఖరుకి రిటైర్మెంటు, పెన్షన్ కాగితాలు కరస్పాండెంటు సంతకం కోసం టేబుల్ మీద ఉన్నాయి. పండగ డిసెంబరులో. ఎలాగో ఒకలా గట్టెక్కుతానేమో అనుకుంటుండగా అసలు పిడుగు పడింది.

వీరభద్రయ్యగారి కూతురు వస్తున్నారన్నారు. సత్యవేణమ్మగారు, తాడేపల్లిగూడెంలో ఉంటారు, ఎనభై ఆరేళ్లు. అన్నదమ్ములతో మాట పట్టింపు వచ్చి నలభై ఏళ్లుగా ఈ ఊరి పొలిమేర తొక్కలేదు. ఇప్పుడు ఆ అన్నదమ్ములూ లేరు. "మా నాన్న విగ్రహానికి ముసుగు నేనే తీస్తాను" అని కబురు పంపారు.

ఆ వారంలో వేంకటాచలం నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. "మేడంగారండీ, ఒక మాట చెప్పాలండీ" అంటాడు, నిలబడతాడు, మింగుతాడు. మూడోసారి నేను డ్యాన్సు పిల్లల గజ్జెలు కనిపించక చిరాకులో ఉన్నాను. "చెప్పదలిస్తే చెప్పండి, లేకపోతే వెళ్లి కుర్చీలు వేయించండి. ప్రాణం తీయకండి!" అని కసిరాను. వెళ్లి కుర్చీలు వేయించాడు. నా నోటికి తాళం వేసే నాథుడు లేడు, ఏం చేయను? తర్వాత తెలిసి ఆ ఒక్క మాటకి ఎంత ఏడ్చానో.

పండగ రోజు కారులోంచి సత్యవేణమ్మగారిని మనవడు చేయి పట్టుకుని దించాడు. సన్నగా, నిటారుగా ఉన్నారు. చూపు మాత్రం సూదిలా ఉంది. కార్యక్రమానికి ఇంకా గంట ఉందని హాల్లో కూర్చోబెట్టారు. ఈశ్వరప్రసాద్‌గారు ఎమ్మెల్యేగారి కోసం గేటు దగ్గరికి పరుగెత్తారు. మనవడికి ఏదో ఫోను వచ్చింది. "వేంకటాచలం, అమ్మగారికి కాఫీ" అని ఎవరో కేకేశారు.

కాఫీ పట్టుకెళ్లేసరికి ఆవిడ కుర్చీ పటానికి ఎదురుగా తిప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, చూస్తున్నారు. రెప్ప వేయడం లేదు. వేంకటాచలం గ్లాసు కింద పెట్టబోయి సగం కాఫీ టేబుల్ మీద ఒలకబోశాడు. పెళ్లిపీటల దగ్గర్నుంచి పారిపోయినట్టు ఇక్కణ్నుంచీ పారిపోదామనుకున్నాడట. కానీ పోలేదు. ఆవిడ కాళ్ల దగ్గరే కూలబడ్డాడు.

"అమ్మా, ఆయన మీ నాన్నగారు కారండీ! తప్పు నాదండీ. వరదలో పటం పోయిందండీ. నేనే ఇంకెవరిదో తెచ్చి పెట్టానండీ. నెలలో రిటైర్ అవుతున్నానండీ, మా ఇంటి పొయ్యి ఆర్పకండమ్మా."

"లే ముందు," అన్నారావిడ. "మా నాన్న కాదని నాకు తెలియదా? మా నాన్నకి అసలు ఫొటో ఉంటే కదా!"

వేంకటాచలానికి అర్థం కాలేదు.

"ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆయన భయమయ్యా. కెమెరా వాడు వీధిలో కనిపిస్తే దొడ్డిదారిన పొలం పోయేవాడు. నా పెళ్లిలో కూడా ఒక్కటి తీయనివ్వలేదు. ఆయన పోయాక హెడ్మాస్టరు వచ్చి, పటం లేకుండా పేరు ఎలా పెడతామండీ అని మా అమ్మ ప్రాణం తీశాడు. విసుగెత్తి మా మేనమామ ఫొటో ఇచ్చి పంపేసింది. ఎవరనుకున్నావు ఆ మేనమామ? బడికి చేను ఇవ్వకూడదని మా నాన్న మీద కోర్టుకెక్కినవాడు! నలభై ఏళ్లు దండలు వేయించుకున్నాడు మహానుభావుడు. ఆ వరద ఏదో మంచి పనే చేసింది."

అని నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వారు. వేంకటాచలానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఏళ్లు! తాడేపల్లిగూడెం పోస్టు, జూన్ నెలల ఫ్యూజులు, చిక్కి శల్యమైన ఒళ్లు, ఇదంతా ఎవరి పటం కోసం? ఆ కోర్టు పక్షి పటం కోసమా? ఆయన కూడా నవ్వబోయాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, మళ్లీ పటం వైపు తిరిగి, "ఇంతకీ ఈయనెవరు?" అని అడిగారు.

వేంకటాచలం స్టూడియో సంగతి చెప్పాడు. లంక ఊరు, పెద్దకర్మ, వరద. ఉన్న చిన్న ఫొటో కూడా స్టూడియోలోనే ఉండిపోయిందనీ, ఆ సుందరరావు పోయి, దుకాణం ఎత్తేసి పదేళ్లయిందనీ చెప్పాడు. చెబుతుండగానే ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"అయితే వాళ్లకి ఉన్నది అదొక్కటేనా?"

"తెలియదండీ."

"నాకు మా నాన్న ముఖం గుర్తు లేదయ్యా," అన్నారావిడ నెమ్మదిగా. "చెవి గుర్తుంది. చెవికి పోగు ఉండేది. పొద్దున్నే దగ్గే దగ్గు గుర్తుంది. ముఖం తలుచుకుంటే రాదు. అరవై ఏళ్లుగా తలుచుకుంటున్నాను, రాదు. ఈయనకీ ఒక కూతురు ఉంటే, దానికీ అంతే కదా."

వేంకటాచలం టేబుల్ మీద ఒలికిన కాఫీ తుడవడం మొదలెట్టాడు.

"నేను నోరు విప్పను. పెన్షన్ కాగితం చేతికొచ్చేదాకా నువ్వూ విప్పకు. ఆ తర్వాత నీ ఇష్టం," అని ఆవిడ లేచి, మనవణ్ణి పిలిచారు.

ముసుగు తీసినప్పుడు నేను ఆవరణలో వేసిన స్టేజీ పక్కనే ఉన్నాను. ఆవిడ మైకు తీసుకుని, "ఈ బడికి నేను ఇంతకుముందు వచ్చినప్పుడు పటానికి దణ్ణం పెట్టలేదు. ఇవాళ పెడుతున్నాను," అని, ఆ కంచు ముఖానికి రెండు చేతులూ జోడించారు. కూతురి ప్రేమ అనుకుని అందరం చప్పట్లు కొట్టాం. ఈశ్వరప్రసాద్‌గారు కళ్లు ఒత్తుకున్నారు. వేంకటాచలం మాత్రం మైకు వైరు పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. భక్తి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జనవరిలో ఆయన రిటైర్ అయ్యాడు. మార్చిలో పెన్షన్ మంజూరైంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని, మొదటి నుంచీ ఇదంతా చెప్పాడు. నేను తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను. తర్వాత ఈశ్వరప్రసాద్‌గారికీ చెప్పాడు. ఆయన తలుపు వేసి, "మీరు చెప్పలేదు, నేను వినలేదు. విగ్రహం పెట్టేశాం, శిలాఫలకం వేసేశాం, ఎమ్మెల్యేగారు వచ్చి వెళ్లారు. బడి పరువండీ వేంకటాచలంగారూ, మీకు దణ్ణం పెడతాను" అని పంపేశారు.

ఈ జూన్‌లో అడ్మిషన్లు మొదలైన రోజు నేను వెళ్లేసరికి హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. రిటైరైన మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని విగ్రహం పక్కన నిలబడి ఉన్నాడు. కొల్లేటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ఆపి, "ఈయన్ని ఎక్కడైనా చూశారా అండీ? మీ వైపు మనిషేనండీ, సరిగ్గా చూడండీ" అని అడుగుతున్నాడు. వాళ్లు విగ్రహం కింద ఫలకం వైపు చూస్తారు. "వీరభద్రయ్యగారు కదండీ" అంటారు. చదువు రానివాళ్లు చదివినవాళ్లని అడిగి మరీ అంటారు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి కొల్లేటికోట నుంచి తీసుకొచ్చింది. ఆవిడ ఫలకం చూడలేదు. ముఖమే చూసింది. చాలాసేపు చూసింది. వేంకటాచలం నా చేయి పట్టుకున్నాడు.

"తెలుసాండీ మీకు?" అని అడిగాడు.

ఆవిడ ఏదో అనబోయింది. పక్కనున్న పిల్ల కొంగు లాగి, "అమ్మా, ఈయనే ఈ బడి కట్టించినాయన. ఇదిగో ఇక్కడ పేరు రాశారు చూడు," అంది.

"అవునా," అంది ఆవిడ. ఇంకోసారి ముఖంలోకి చూసి, దణ్ణం పెట్టి, పిల్ల చేయి పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

"వెనక్కి పిలవండి, మళ్లీ అడుగుదాం," అన్నాను.

ఆయన విగ్రహం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఇన్నేళ్లూ ఎవరైనా గుర్తుపడతారేమోనని చచ్చానండీ మేడంగారూ," అన్నాడు. "ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరేమోనని భయంగా ఉందండీ."